భాగం 9 : సముద్రం ఎవరి సొత్తు? గ్రోషియస్ ‘మారే లిబెరుమ్’ – విమర్శనాత్మక పరిశీలన

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• ‘మారే లిబెరుమ్’ అనే చిన్న గ్రంథం ఏ పరిస్థితులలో పుట్టిందో వివరించగలుగుతారు.
• గ్రోషియస్ వాదనలోని ప్రధానాంశాలను, వాటి బలాన్ని, బలహీనతలను గుర్తించగలుగుతారు.
• ఒక న్యాయ సూత్రానికీ, అది పుట్టిన సందర్భానికీ ఉన్న సంబంధాన్ని సొంతంగా అంచనా వేయగలుగుతారు.

9.1 ప్రస్తావన

గత భాగాలలో సముద్ర మార్గాల అన్వేషణ గురించి, పోర్చుగీసు, స్పానిష్ సామ్రాజ్యాల విస్తరణ గురించి చదివారు. 1494 నాటి టోర్డెసిలాస్ ఒప్పందంతో ఈ రెండు రాజ్యాలు ఐరోపా బయటి ప్రపంచాన్ని తమ మధ్య పంచుకున్న సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆ పంపకాన్ని మొదట తుపాకులతోనూ, తరువాత కలంతోనూ ప్రశ్నించినవారు డచ్చివారు. ఆ కలం పట్టిన వ్యక్తి హ్యూగో గ్రోషియస్. అతడు 1583లో డెల్ఫ్ట్ నగరంలో జన్మించాడు. పదకొండో ఏట లైడెన్ విశ్వవిద్యాలయంలో చేరాడు. చాలా పాఠ్యగ్రంథాలు అతడిని ‘అంతర్జాతీయ న్యాయశాస్త్ర పితామహుడు’ అని పరిచయం చేసి అక్కడితో ఊరుకుంటాయి.

నేను తరగతి గదిలో పాఠం చెప్పే రోజుల్లో విద్యార్థులు పరీక్షలో రాసిన సమాధానాలు కూడా దాదాపు అలాగే ఉండేవి. ‘సముద్రం అందరిదీ అని గ్రోషియస్ చెప్పాడు’ అన్న ఒక్క వాక్యం దగ్గర సమాధానం ముగిసేది. ఆ వాక్యం తప్పు కాదు, కాని చాలదు. ఎవరి కోసం చెప్పాడు, ఎప్పుడు చెప్పాడు, చెప్పినదానికి తానే కట్టుబడ్డాడా అన్న ప్రశ్నలు వేసుకుంటేనే అది చరిత్ర అవుతుంది. ఈ భాగంలో మనం చేయబోయే పని అదే.

9.2 ఒక ఓడ, ఒక నావికుడు, ఒక న్యాయవాది

1603 ఫిబ్రవరి 25న సింగపూర్ జలసంధి ప్రాంతంలో ‘శాంటా కాటరీనా’ అనే పోర్చుగీసు ఓడను డచ్చి నౌకాధిపతి జాకబ్ వాన్ హీమ్స్కెర్క్ పట్టుకున్నాడు. జొహోర్ రాజు ఇందులో అతడికి తోడ్పడ్డాడు. ఓడ నిండా చీనా పట్టు, పింగాణీ, ఇతర విలువైన సరుకులు ఉన్నాయి. వాటిని ఆమ్‌స్టర్‌డామ్‌లో వేలం వేస్తే 30 లక్షల గిల్డర్లకు పైగా వచ్చింది. ఈ మొత్తం ఎంతటిదో తెలియాలంటే ఒక పోలిక చూడండి. 1602లో ఏర్పడిన డచ్చి ఈస్టిండియా కంపెనీ మొత్తం మూలధనం సుమారు 64 లక్షల గిల్డర్లు. అంటే ఒక్క ఓడ సరుకు విలువ ఆ కంపెనీ మూలధనంలో దాదాపు సగం.

హీమ్స్కెర్క్ సామాన్యమైన సముద్రపు దొంగ కాదు. ఈశాన్య దిశగా ఆసియాకు దారి వెతుకుతూ విలియమ్ బారెంట్స్ బృందంతో వెళ్లి, 1596–97 చలికాలమంతా నోవాయా జెమ్ల్యా మంచు దీవిలో చిక్కుకుని ప్రాణాలతో బయటపడిన అన్వేషకుడు. 1607లో జిబ్రాల్టర్ వద్ద స్పానిష్ నౌకాదళంతో పోరాడుతూ మరణించిన సేనాని కూడా. అన్వేషణ, వ్యాపారం, యుద్ధం వేరువేరు పాఠాలుగా మనం చదువుకుంటాం. ఆ కాలంలో అవి ఒకే మనిషి జీవితంలో పదేళ్ల వ్యవధిలో ఇమిడిపోయాయి. ఈ విషయాన్ని గుర్తు పెట్టుకోండి.

ఓడనైతే పట్టుకున్నారు, కాని చిక్కు అక్కడే మొదలైంది. హీమ్స్కెర్క్‌కు ఇచ్చిన అధికార పత్రం ఆత్మరక్షణకూ, జరిగిన నష్టానికి పరిహారం రాబట్టుకోవడానికీ మాత్రమే బలప్రయోగాన్ని అనుమతించింది. 1604 సెప్టెంబరులో ఆమ్‌స్టర్‌డామ్ నౌకా న్యాయస్థానం ఓడను న్యాయమైన యుద్ధ లబ్ధిగా ప్రకటించింది. అయినా కొందరు వాటాదారులకు మనస్సాక్షి ఒప్పుకోలేదు. వ్యాపారానికని డబ్బు పెడితే దోపిడీ సొమ్ము చేతికొచ్చిందే అన్నది వారి బాధ. తీర్పు వచ్చాక కూడా సమర్థన అవసరమైంది. అప్పుడు కంపెనీవారు 21 ఏళ్ల యువ న్యాయవాది గ్రోషియస్‌ను ఆశ్రయించారు.

అతడు రాసిన పెద్ద గ్రంథానికి తరువాతివారు ‘యుద్ధ లబ్ధి న్యాయం’ అని అర్థం వచ్చే ‘డి జ్యూరె ప్రేడే’ అన్న పేరు పెట్టారు. దానిని అతడు ప్రచురించలేదు. అందులోని పన్నెండో అధ్యాయాన్ని మాత్రం కొన్ని మార్పులతో 1609లో, రచయిత పేరు లేకుండా, లైడెన్‌లో విడిగా అచ్చు వేయించాడు. అదే ‘మారే లిబెరుమ్’, అంటే ‘స్వేచ్ఛా సముద్రం’. స్పెయిన్‌కూ డచ్చివారికీ మధ్య పన్నెండేళ్ల సంధి కుదిరిన సంవత్సరం కూడా అదే. సంధి కోసం ఆసియా వ్యాపారాన్ని వదులుకోరాదని కంపెనీ పట్టుబట్టిన సమయంలో ఈ పుస్తకం వెలువడింది.

పెద్ద గ్రంథం రాతప్రతి 1864లో వేలానికి వచ్చేదాకా లోకానికి తెలియదు. అంటే రెండున్నర శతాబ్దాలపాటు పాఠకులు ‘మారే లిబెరుమ్’ను ఒక విద్వాంసుడు నిర్లిప్తంగా చేసిన సిద్ధాంత చర్చగా చదివారు. అది ఒక కక్షిదారు తరఫున రాసిన వాదనలోని భాగమని ఆ తరువాతే స్పష్టమైంది. పుస్తకంలో ఒక్క అక్షరమూ మారలేదు, దానిని చదివే తీరు మారింది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
న్యాయస్థానం తీర్పు తరువాత కూడా గ్రోషియస్ రచన ఎందుకు అవసరమైంది? నాలుగు వాక్యాలలో రాయండి.

9.3 గ్రంథంలోని వాదన

‘మారే లిబెరుమ్’లో 13 చిన్న అధ్యాయాలున్నాయి. నిర్మాణం న్యాయస్థానంలో వాదనలాగే ఉంటుంది. ప్రతివాది ఏయే హక్కులు చెప్పుకోగలడో ముందే ఊహించి, ఒక్కొక్కదాన్నీ కొట్టివేస్తూ పోవడం ఇందులోని పద్ధతి. పోర్చుగీసువారు మూడింటిని తమవిగా చెప్పుకున్నారు: ఆసియా భూములపై అధికారం, సముద్రంపై అధికారం, వ్యాపారంపై గుత్తాధికారం. వీటికి ఆధారంగా కనుగొన్న హక్కు, పోప్ దానం, యుద్ధ విజయం, దీర్ఘకాల అనుభవం వంటివాటిని చూపగలరు. గ్రోషియస్ వీటిని వరుసగా పరిశీలిస్తాడు.

మొదటిది, కనుగొన్న హక్కు. ప్రాచీన కాలం నుంచీ రోమన్లకు, అరబ్బులకు తెలిసిన దేశాన్ని వాస్కో డ గామా 1498లో ‘కనుగొన్నాడు’ అనడంలో అర్థం లేదంటాడు. పైగా జావా, సుమత్రా, మొలుక్కా దీవులకు సొంత రాజులు, సొంత చట్టాలు ఉన్నాయి. క్రైస్తవులు కానంత మాత్రాన వారి ఆస్తి యజమాని లేని ఆస్తి అయిపోదు. ఈ భాగంలో అతడు వాడుకున్నది స్పానిష్ వేదాంతి ఫ్రాన్సిస్కో డి విటోరియా వాదననే. అమెరికా స్థానికుల ఆస్తి హక్కును సమర్థిస్తూ విటోరియా 1539లో చేసిన ఉపన్యాసాలను ప్రత్యర్థి పక్షం మీదికే తిప్పాడు. ఎదుటివాడి సాక్షితోనే ఎదుటివాడిని ఓడించడం న్యాయవాదిగా అతడి నేర్పు.

రెండోది, పోప్ దానం. తనది కానిదాన్ని ఎవరూ దానం చేయలేరు. సముద్రమూ, అన్యమతస్థుల దేశాలూ పోప్ సొత్తు కావు కాబట్టి ఆ దానం చెల్లదు.

మూడోది, గ్రంథానికి ప్రాణం వంటిది, అయిదో అధ్యాయంలోని వాదన. భూమిని కంచె వేసి దక్కించుకోవచ్చు. సముద్రాన్ని అలా దక్కించుకోలేం. దానికి హద్దు లేదు. ఒకరి ఓడ వెళ్లినంత మాత్రాన మరొకరికి దారి తరిగిపోదు. గాలిలాగే వాడుకున్నా తరగనిది కాబట్టి అది అందరి ఉమ్మడి సొత్తు. సముద్రం ఎవడబ్బ సొత్తూ కాదని మన ఊళ్లలో అనే మాటను అతడు రోమన్ న్యాయశాస్త్ర భాషలో నిరూపించాడన్నమాట.

చివరి అధ్యాయంలో ముగింపు ఉంటుంది. ఆసియా వ్యాపార హక్కును డచ్చివారు శాంతితోనైనా, సంధితోనైనా, యుద్ధంతోనైనా నిలుపుకోవాలని అంటాడు. ఈ మూడో మాటను మరచిపోకండి. ‘స్వేచ్ఛ’ అన్న పేరుతో మొదలైన పుస్తకం యుద్ధ సమర్థనతో ముగుస్తుంది.

9.4 విమర్శ

9.4.1 వాదనలోని బలం

ముందుగా న్యాయం చేయవలసింది గ్రంథకర్తకే. ఆసియా రాజులను చట్టబద్ధమైన పాలకులుగా గుర్తించి, మతం ఏదైనా ఆస్తి హక్కు ఒకటేనని 1609లో అచ్చులో చెప్పడం చిన్న విషయం కాదు. హిందూ మహాసముద్రంలో పోర్చుగీసువారు ‘కర్తాజ్’ అనే అనుమతి పత్రం లేని ఓడలను పట్టుకుని సరుకు లాక్కునేవారు. శతాబ్దం పాటు సాగిన ఆ పద్ధతికి న్యాయపరమైన పునాది లేదని గ్రోషియస్ చూపించాడు. అతడి ఉద్దేశం ఏదైనా, ఈ వాదన నేటికీ నిలుస్తుంది.

9.4.2 అడగని ప్రశ్న

వ్యాపారం చేయడం సర్వ జాతుల సహజ హక్కు అయితే, వ్యాపారం వద్దనే హక్కు ఒక రాజుకు ఉందా? ఈ ప్రశ్నను గ్రోషియస్ సూటిగా ఎదుర్కోలేదు. అతడి పుటలలోని ఆసియా రాజులు ఎప్పుడూ డచ్చివారిని ఆహ్వానిస్తూనే ఉంటారు. దారి ఇవ్వనివారి మీద యుద్ధం న్యాయమేనని సూచించే ప్రాచీన ఉదాహరణలు మొదటి అధ్యాయంలోనే కనిపిస్తాయి. ఆసియావారికి అతడు ఆస్తి హక్కు ఇచ్చాడు, ఒప్పందం చేసుకునే హక్కు ఇచ్చాడు. తలుపు మూసుకునే హక్కు గురించి మౌనం వహించాడు. ఒక గ్రంథంలో ఏముందో చూడడం చదవడం. ఏది లేదో చూడడం విమర్శ.

9.4.3 ఓడ మల్లయ్య, బోడి మల్లయ్య

‘ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య’ అని సామెత. పుస్తకం వచ్చిన నాలుగేళ్లకే దీనికి ఉదాహరణ దొరికింది. సుగంధ ద్రవ్యాల దీవులలో తమకూ వ్యాపార హక్కు కావాలని ఆంగ్లేయులు అడిగారు. 1613లో లండన్‌లోనూ, 1615లో హేగ్‌లోనూ జరిగిన చర్చలలో డచ్చి పక్షాన మాట్లాడినవారిలో గ్రోషియస్ ఒకడు. దీవుల పాలకులతో డచ్చివారు ముందే ఒప్పందాలు చేసుకున్నారు, రక్షణకు ఖర్చు పెట్టారు, కాబట్టి సరుకు వారికే చెందాలని అతడు వాదించాడు. ఆంగ్ల ప్రతినిధులు ‘మారే లిబెరుమ్’నే తీసి అతడి ముందు పెట్టారు.

గ్రోషియస్‌ను సమర్థించేవారు ఇందులో వైరుధ్యం లేదంటారు. సముద్రంపై ప్రయాణం వేరు, ఒప్పందాన్ని పాటించడం వేరు, ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలన్నది కూడా సహజ న్యాయమే అన్నది వారి వాదం. తర్కం ప్రకారం ఇది కొట్టిపారేయదగినది కాదు. అయితే ఆ ఒప్పందాలు ఎలా జరిగాయి? జాజికాయ పండే బాండా దీవులవారితో చేసుకున్న ఒప్పందాలలో ఫిరంగుల నీడ ఉంది. వారు ఇతరులకు కూడా సరుకు అమ్మినప్పుడు దానిని ఒప్పంద ద్రోహమన్నారు. 1621లో కంపెనీ గవర్నర్ జనరల్ జాన్ పీటర్‌జూన్ కూన్ ఆ దీవులపై దండెత్తాడు. జనాభాలో అత్యధికులు చంపబడ్డారు, బానిసలుగా తరలించబడ్డారు, లేదా పారిపోయారు. కూన్ చేసిన దానికి గ్రోషియస్ బాధ్యుడు కాడు. ఆ సమయానికి అతడు స్వదేశపు మత రాజకీయాలలో ఓడి, జైలు పాలై, పుస్తకాల పెట్టెలో దాక్కుని పారిస్‌కు తప్పించుకున్నాడు కూడా. కాని ‘స్వేచ్ఛ’తో తలుపు తెరిచి ‘ఒప్పందం’తో గడియ వేసే పద్ధతికి కావలసిన న్యాయ భాష అతడి రచనలలో సిద్ధంగా ఉందన్నది కాదనలేం.

9.4.4 సమకాలికుల విమర్శ

స్కాట్లండ్‌కు చెందిన విలియం వెల్‌వుడ్ 1613లో ఒక గట్టి అభ్యంతరం చెప్పాడు. సముద్రం తరగకపోవచ్చు, చేపలు తరుగుతాయి కదా అన్నాడు. డచ్చి పడవల వల్ల తమ తీరంలో చేపలు తగ్గాయన్నది అతడి ఫిర్యాదు. పోర్చుగీసు పండితుడు సెరఫిమ్ డి ఫ్రెయిటాస్ 1625లో తమ దేశం పక్షాన సవివరమైన సమాధానం రాశాడు. ఆంగ్లేయుడు జాన్ సెల్డన్ 1635లో ‘మూసిన సముద్రం’ అనే అర్థం వచ్చే ‘మారే క్లాసుమ్’ ప్రచురించి, సముద్రంపై కూడా యాజమాన్యం సాధ్యమేనని చారిత్రక ఆధారాలతో వాదించాడు. ప్రతి ఒక్కరి సిద్ధాంతమూ వారి వారి దేశ ప్రయోజనంతో సరిగ్గా సరిపోవడం మీరు గమనించే ఉంటారు. అయినా వీరిలో వెల్‌వుడ్ ప్రశ్నకు మాత్రం కాలమే సాక్ష్యం చెప్పింది. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర న్యాయ ఒప్పందం తీరదేశానికి 12 నాటికల్ మైళ్ల ప్రాదేశిక సముద్రాన్ని, 200 నాటికల్ మైళ్ల ప్రత్యేక ఆర్థిక మండలిని గుర్తించింది. దానికి ముందే, 1976లో, మన దేశం ఈ మేరకు చట్టం చేసుకుంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2
‘సముద్రం తరగనిది’ అన్న గ్రోషియస్ వాదనను వెల్‌వుడ్ ఏ విధంగా ప్రశ్నించాడు?

9.5 మన తీరం నుంచి చూస్తే

ఈ చర్చ ఎక్కడో హాలండ్‌లో జరిగిందని అనుకోకండి. డచ్చివారు 1605–06 నాటికే మచిలీపట్నం చేరి, గోల్కొండ సుల్తాను అనుమతితో వర్తక స్థావరం ఏర్పరచుకున్నారు. కోరమాండల్ తీరపు వస్త్రాలు లేకపోతే వారికి సుగంధ ద్రవ్యాల దీవులలో వ్యాపారమే లేదు. అక్కడివారు మిరియాలకు, జాజికాయకు బదులుగా కోరినది మన నేతగాళ్ల బట్టలనే. గ్రోషియస్ సిద్ధాంతం అచ్చయ్యే నాటికి ఆ సిద్ధాంతపు ఫలితాన్ని మచిలీపట్నం రేవు చూస్తూనే ఉంది. ఆ తరువాత 1641లో పోర్చుగీసుల నుంచి మలక్కాను గెలుచుకున్న డచ్చివారు ఆసియా ఓడలు తమ అనుమతి పత్రాలు తీసుకోవాలని పట్టుబట్టారు. ‘కర్తాజ్’ పేరు మారింది, పద్ధతి మిగిలింది.

మరొక సంగతి. గ్రోషియస్‌కు మూడున్నర శతాబ్దాల ముందే, 1244 ప్రాంతంలో, కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. తుపాను దెబ్బకు తీరానికి కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజులు స్వాధీనం చేసుకునే పాత అలవాటును మాని, నిర్ణీత సుంకం మాత్రమే తీసుకుంటామని విదేశీ వర్తకులకు భరోసా ఇచ్చాడు. సముద్ర వర్తకానికి చట్టపు రక్షణ కల్పించాలన్న ఆలోచన ఐరోపాలో మాత్రమే పుట్టలేదనడానికి ఇది మన సొంత సాక్ష్యం.

మద్రాసు విశ్వవిద్యాలయంలో బోధించిన సి. హెచ్. అలెగ్జాండ్రోవిచ్ 1967లో ప్రచురించిన గ్రంథంలో, హిందూ మహాసముద్రపు వర్తక సంప్రదాయాలు గ్రోషియస్ ఆలోచనపై ప్రభావం చూపాయని వాదించాడు. భారతీయ న్యాయ పండితుడు ఆర్. పి. ఆనంద్ ఈ దృష్టిని మరింత ముందుకు తీసుకువెళ్లాడు. ఈ వాదన మనకు నచ్చుతుంది. నచ్చుతుంది కాబట్టే జాగ్రత్తగా పరీక్షించాలి. ఆసియాలో వ్యాపారం ఎలా సాగేదో కంపెనీ ఇచ్చిన కాగితాల ద్వారా గ్రోషియస్‌కు తెలుసు. కాని గ్రంథంలో ప్రమాణాలుగా చూపినవి ప్రధానంగా రోమన్ న్యాయం, ప్రాచీన రచయితలు, స్పానిష్ పండితులు. ‘తెలుసు’ అనడానికీ ‘అక్కడి నుంచే తీసుకున్నాడు’ అనడానికీ మధ్య దూరం ఉంది. మోటుపల్లి శాసనం విలువైనది కావడానికి దాన్ని గ్రోషియస్ చదివి ఉండవలసిన అవసరం లేదు.

9.6 మూల్యాంకనం

దోపిడీ సొమ్మును కాపాడడానికి పుట్టిన సూత్రాన్ని మనం గౌరవించవచ్చా? నా సమాధానం ఇది. సూత్రం పుట్టుక దాని సత్యాన్ని నిర్ణయించదు. కాని దాని ప్రయోగాన్ని అర్థం చేసుకోవడానికి పుట్టుక తెలియాలి. ‘మారే లిబెరుమ్’ ఒక కంపెనీ కోసం రాసిన పుస్తకం. అయినా ఒకసారి అచ్చయిన సూత్రం యజమాని మాట వినదు. ఆంగ్లేయులు దానిని రాసినవాడి మీదికే తిప్పారు. ఓడలు పట్టుకుని సరుకు గుంజుకునే ఎవరి మీదికైనా అది తిరగగలదు.

అందువల్ల గ్రోషియస్‌ను పితామహుడని పూజించడమూ, కంపెనీ కూలి న్యాయవాది అని తోసిపుచ్చడమూ రెండూ సులభమైన దారులే. అతడు అందరికీ వర్తించే మాట చెప్పాడు, కొందరి కోసం చెప్పాడు. ఈ రెండు వాక్యాలనూ ఒకే సమాధానంలో పక్కపక్కన నిలబెట్టగలిగిన విద్యార్థి ఈ పాఠాన్ని అర్థం చేసుకున్నట్టే. రేపు మీరు ఏ చట్టం చదివినా, ఏ ఒప్పందం గురించి వార్తలలో విన్నా ఇదే ప్రశ్న వేయండి: ఇది అందరికీ వర్తిస్తుందా, రాసినవారికి కూడానా?

9.7 సారాంశం

1603లో శాంటా కాటరీనా ఓడను పట్టుకోవడాన్ని సమర్థించడానికి రాసిన పెద్ద గ్రంథంలోని ఒక అధ్యాయమే 1609లో ‘మారే లిబెరుమ్’గా వెలువడింది. కనుగొన్న హక్కు, పోప్ దానం వంటి పోర్చుగీసు వాదనలను ఇది సమర్థంగా ఖండించింది. ఆసియా పాలకుల నిరాకరణ హక్కుపై మౌనం, ఒప్పందాల పేరిట గుత్తాధికారానికి వీలు కల్పించడం, సముద్ర వనరులు తరగవన్న భావన దీని బలహీనతలు. సందర్భాన్ని, సూత్రాన్ని కలిపి చూసినప్పుడే దీని విలువను సరిగా అంచనా వేయగలం.

9.8 ముఖ్య పదాలు

కర్తాజ్ : హిందూ మహాసముద్రంలో ప్రయాణించే ఓడలకు పోర్చుగీసువారు జారీ చేసిన అనుమతి పత్రం.
యుద్ధ లబ్ధి : యుద్ధంలో శత్రువు నుంచి చట్టబద్ధంగా స్వాధీనం చేసుకున్న ఓడ లేదా సరుకు.
గుత్తాధికారం : ఒక వ్యాపారం ఇతరులకు దక్కకుండా ఒకరి చేతిలోనే ఉండడం.

9.9 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ‘మారే లిబెరుమ్’ రచనకు దారితీసిన పరిస్థితులను వివరించి, అందులోని ప్రధాన వాదనలను విమర్శనాత్మకంగా పరిశీలించండి.
2. ‘గ్రోషియస్ అందరికీ వర్తించే మాటను కొందరి కోసం చెప్పాడు.’ చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 15 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. 1613, 1615 సంవత్సరాల చర్చలలో గ్రోషియస్ వైఖరిని అంచనా వేయండి.
2. మోటుపల్లి అభయ శాసనం ప్రాముఖ్యం ఏమిటి?